హెలెన్ కెల్లర్ ఉస్తాద్ ఆన్ సలివన్

హెలెన్ కెల్లర్ పేరు వినని చదువరులు తక్కువ. చూపు, వినికిడి రెండూ లేకున్నా 1904లో డిగ్రీ పట్టా పుచ్చుకొని, పుస్తకాలు వ్రాసి, దేశదేశాలు తిరిగిన మహిళ ఆమె. 1955లో మన దేశానికి కూడా వచ్చినారు. కాని ఆమెకు మొట్టమొదట మాట నేర్పిన ఉస్తాద్ ఎవరని అడిగితే చాలామంది ఆగిపోతారు. మేము బడిపంతుళ్ళము గనుక ఆ ఉస్తాద్ జీవితమే ఇక్కడ చెప్పదలచినాము.

ఆన్ సలివన్ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫీడింగ్ హిల్స్ అనే ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లండు నుండి పొట్టకూటికై వలస వచ్చిన బీదవారు. వలస కష్టమేమిటో పాలమూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఐదేండ్ల వయసులో ట్రకోమా అనే కంటిజబ్బు సోకి చూపు చాలామటుకు పోయింది. ఎనిమిదేండ్లప్పుడు తల్లి చనిపోయింది. తర్వాత తండ్రి పిల్లలను వదిలి పోయినాడు. 1876లో ఆమెను, తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలోని బీదల ఆశ్రమంలో చేర్చినారు. కొన్ని నెలలకే జిమ్మీ అక్కడ కన్నుమూసినాడు.

ఆశ్రమానికి పెద్దలు తనిఖీకి వచ్చిననాడు ఆ పిల్ల వాళ్ళ వెంటబడి, తనను బడికి పంపమని బతిమాలుకున్నది. అట్లా 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి పద్నాలుగేండ్లు, చదవడం రాదు, వ్రాయడం రాదు. 1886లో తరగతిలో మొదటి స్థానంతో బయటికి వచ్చింది. ఆపరేషన్లతో చూపు కొంత తిరిగి వచ్చింది. చూపు, వినికిడి లేని లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడతో మాట్లాడడానికి, అరచేతిలో వేళ్ళతో అక్షరాలు చెప్పే పద్ధతి అక్కడే నేర్చుకున్నది.

1887 మార్చి 3న సలివన్ అలబామా రాష్ట్రంలోని టస్కంబియాకు, కెల్లర్ వారింటికి పంతులమ్మగా చేరినారు. అప్పటికి ఆమెకు ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. హెలెన్‌కు ఆరేండ్ల ఎనిమిది నెలలు. పందొమ్మిది నెలల పసితనంలో జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ పోయినవి. ఇంటివాళ్ళు జాలికొద్దీ ఏదీ కాదనేవారు కాదు. పిల్ల అందరి పళ్ళాల్లో చేయిపెట్టి తినేది, అడ్డుకుంటే కొట్టేది. జాలితో పిల్ల బాగుపడదని సలివన్ గ్రహించినారు. ఇంటివాళ్ళను ఒప్పించి, దగ్గరలోనే ఉన్న చిన్న ఇంట్లో సుమారు రెండు వారాలు పిల్లతో ఒంటరిగా ఉండి, మాట వినడం అలవాటు చేసినారు.

బొమ్మ ఇచ్చి చేతిలో బొమ్మ అని, రొట్టె ఇచ్చి రొట్టె అని అక్షరాలు వ్రాసేవారు. పిల్ల వేళ్ళు కదిపేది గాని, ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని తెలియలేదు. ఏప్రిల్ 5న పంపు దగ్గర, మన ఊళ్ళలో బోరింగు అంటామే అటువంటి దాని దగ్గర, ఒక చేతి మీద నీళ్ళు పడుతుండగా రెండో చేతిలో నీళ్ళు అనే మాట వ్రాసినారు. ఆ క్షణాన పిల్లకు గుట్టు విడిపోయింది. కొన్ని గంటల్లో సుమారు ముప్పై మాటలు నేర్చింది.

ఆ తర్వాత సలివన్ చేసినది ఇంకా గొప్ప పని అని మా అభిప్రాయం. పదిహేను నెలల చంటిపిల్ల ఇంట్లో మాట ఎట్లా నేరుస్తుందో గమనించినారు. చంటిపిల్లకు ఎవరూ పాఠం చెప్పరు, దానితో మాట్లాడుతూ ఉంటారు, అంతే. తాను కూడా హెలెన్ చేతిలో పూర్తి వాక్యాలతో రోజంతా మాట్లాడినారు. కుర్చీలో కట్టిపడేయక తోటలో, చెట్ల కింద తిప్పుతూ నేర్పినారు. తరువాత కాలేజీలో పక్కన కూర్చొని పాఠాలన్నీ చేతిలోనే చెప్పినారు. తన కళ్ళు అరిగిపోతున్నా పుస్తకాలు చదివి పెట్టినారు. చివరి దినాల్లో చూపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబరు 20న న్యూయార్కులో మరణించినారు. దాదాపు నలభై తొమ్మిదేండ్ల సావాసం అది.

ఈ కథలో మనకు పాఠమేమిటి? హెలెన్‌కు ఉస్తాద్ దొరికేసరికి ఐదేండ్లు వృథా అయినవి. నేడు అట్లా వృథా చేయవలసిన పని లేదు. ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లలను 2016 చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా మండలాలకు భవిత కేంద్రాలున్నవి, అక్కడ చదువుతోబాటు ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. అయినా మన మొహల్లాల్లో అటువంటి బిడ్డను లోపలి గదిలో ఉంచి, పెద్దయినంక చూద్దాములే అనే తల్లిదండ్రులను మేము ఇప్పటికీ చూస్తున్నాము. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగేది తొలి ఏండ్లలోనే. నెలల బిడ్డప్పుడే డాక్టరుకు చూపాలి. స్నానం పోసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు తల్లే మొదటి ఉస్తాద్. అన్నం ముందు చెంచా చేతికి అందించి, నీళ్ళు పోసే ముందు చెంబు తాకించి, తర్వాత జరిగేదేమో తెలియజేస్తే అదే తాలీమ్.

ప్రతి బిడ్డా హెలెన్ కెల్లర్ కాదు, కానక్కరలేదు. తన చేత్తో తాను ముద్ద తినగలిగిన బిడ్డ కూడా పాసయినట్టే. అటువంటి బిడ్డ ఇంట్లో ఉంటే ఈ నెలలోనే బయటికి తీసుకురండని తల్లిదండ్రులకు మా మనవి.