డాన్స్ చేస్తుంటే విరిగింది... డాక్టర్‌గారి పాదమే!

చిటికెన వేలి నుంచి మడమ వైపు, పాదం బయటి అంచును వేలితో తడుముకుంటూ రండి. ఇంచుమించు సగం దూరంలో ఒక బొడిపె తగులుతుంది. అది ఐదో మెటాటార్సల్ ఎముక మొదలు. దానికి కాస్త ముందు విరిగితే ‘జోన్స్ ఫ్రాక్చర్’ అంటాం. ఆ జోన్స్ ఎవరో చెబితే మీకు నవ్వొస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది.

రాబర్ట్ జోన్స్ 1857లో వేల్స్‌లో పుట్టారు. లివర్‌పూల్‌లో మామయ్య వరసైన హ్యూ ఓవెన్ థామస్ ఇంట్లో ఉండి చదువుకున్నారు. థామస్‌ది తరతరాలుగా ఎముకలు కట్టే నాటువైద్యుల కుటుంబం. ఆయన మాత్రం డాక్టరీ చదివారు. జోన్స్ ఆయన దగ్గరే పని నేర్చుకుని, మాంచెస్టర్ షిప్ కెనాల్ తవ్వే వేలమంది కూలీలకు సర్జన్‌గా పనిచేశారు. 1896లో, ఎక్స్-రేలు కనిపెట్టిన కొద్ది నెలలకే, ఒక అబ్బాయి చేతిలో దిగిన తూటాను ఎక్స్-రేతో చూసినవారిలో ఆయనా ఉన్నారు.

ఒకసారి డాన్స్ చేస్తున్నారు. మడమ పైకి లేచి ఉండగా బరువంతా పాదం బయటి అంచు మీద పడింది. లోపల ఏదో తెగినట్టయింది. స్నాయువు తెగిందేమో అనుకున్నారు. కుంటుకుంటూ వెళ్లి తోటి డాక్టర్‌తో ఎక్స్-రే తీయించుకుంటే తేలింది, ఎముకే విరిగిందని! పాదం ఎముక విరగాలంటే దానిమీద బరువైనదేదో పడాలని అప్పటిదాకా నమ్మకం. అలాంటి దెబ్బేమీ లేకుండానే విరుగుతుందని, తన కేసుతో పాటు మరికొందరివీ చేర్చి 1902లో ప్రచురించారు. ఎముకల డాక్టరే పోల్చుకోలేకపోయిన దాన్ని మనం ఇంట్లో కూర్చుని ‘బెణుకే’ అని తేల్చేస్తాం చూడండి!

మొదటి ప్రపంచ యుద్ధంలో మామయ్య తయారుచేసిన థామస్ స్ప్లింట్‌ను సైన్యంలో వాడుకలోకి తెచ్చి, తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల్ని కాపాడారు. 1933లో కన్నుమూశారు.

మళ్లీ మీ పాదం దగ్గరకు వద్దాం. బొడిపె కొన మాత్రమే ఊడితే భయం లేదు. గట్టి అడుగున్న చెప్పులో, బూటులో నడుస్తూనే చాలామందికి అతుక్కుంటుంది. జోన్స్ ఫ్రాక్చర్ అలా కాదు. అక్కడ రక్త సరఫరా తక్కువ. సాధారణంగా ఆ కాలు మోపకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు కట్టు ఉండాలి. అయినా కొందరికి అతుక్కోదు, స్క్రూ వేయాల్సి వస్తుంది. కాలు మడతపడ్డాక ఆ బొడిపె దగ్గర నొక్కితే నొప్పి ఉందా? నాలుగడుగులు వేయలేకపోతున్నారా? తైలం పెట్టి తోమించుకోకండి, ఎక్స్-రే తీయించండి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారికైతే నొప్పి తెలియకపోవచ్చు. వాళ్లు వాపు కనిపించినా రావాలి.