పఠాన్ చేతికి చీపురిచ్చిన బాద్‌షా ఖాన్

పఠాన్ల గురించి బ్రిటిష్ వాళ్లు రెండే మాటలు రాసుకున్నారు. ఒకటి, మంచి సిపాయిలు. రెండు, పగబట్టే జాతి, నమ్మకూడదు. పొగడ్తా వాళ్లదే, తిట్టూ వాళ్లదే. వాయవ్య సరిహద్దు ప్రాంతాన్ని ఏళ్ల తరబడి ఈ రెండు మాటల మీదే నడిపారు. ఆ ముద్రని చెరపడానికి జీవితమంతా ఖర్చు పెట్టిన మనిషి ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. జనానికి బాద్‌షా ఖాన్.

ఆ ముద్ర ఊరికే మాటల్లో లేదు, చట్టంలో ఉంది. 1901 నాటి సరిహద్దు నేరాల చట్టం ప్రకారం ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తానికీ జరిమానా వెయ్యొచ్చు, ఇళ్లు కూల్చొచ్చు. వకీలూ లేడు, అప్పీలూ లేదు. బీకామ్ చదివిన బుర్రతో చెప్పాలంటే, ఎవడో ఎగ్గొట్టబోయే అప్పుకి ఊరు ఊరంతా పుట్టకముందే జామీను సంతకం పెట్టినట్టు. 1919లో మిగతా రాష్ట్రాలకి ఇచ్చిన కాస్త సంస్కరణలు కూడా వీళ్ల దాకా రాలేదు.

ఆయన 1890లో పెషావర్ దగ్గర ఉత్మాన్‌జాయ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బహ్రామ్ ఖాన్ భూస్వామి. ఇంగ్లీషు చదువు వద్దని ముల్లాలు గోల పెడుతున్నా కొడుకులిద్దర్నీ పెషావర్ మిషన్ స్కూల్లో వేశారు. చిన్నవాడు గఫార్ ఆరడుగులకి పైనే పెరిగాడు. బ్రిటిష్ సైన్యంలో గైడ్స్ దళం నుంచి ఆఫీసర్ ఉద్యోగం కూడా వచ్చింది. పఠాన్ కుర్రాడికి అప్పట్లో అంతకుమించిన ఇజ్జత్ లేదు. కానీ తనకి తెలిసిన ఒక పఠాన్ ఆఫీసర్, ఇంగ్లీషు వాళ్లలా క్రాఫు దువ్వుకున్నందుకు, తనకంటే కిందిస్థాయి తెల్లవాడి చేత అందరి ముందూ మాటలు పడటం చూశాడు. ఉద్యోగం వద్దన్నాడు. యూనిఫాం ఇచ్చినా మనిషిగా మాత్రం లెక్క వెయ్యరని అక్కడే తేలిపోయింది.

1910లో సొంత ఊళ్లో బడి పెట్టారు. ఈ సంవత్సరం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకి తిరిగొచ్చింది 1915లో. సరిహద్దు గాంధీ అన్న బిరుదు గౌరవంతోనే ఇచ్చారు, కాదనను. కానీ అది వింటే ఒక పఠాన్‌కి, ఒక ముస్లింకి శాంతి అనేది బయటినుంచే వచ్చినట్టు అనిపిస్తుంది. ఆయన మాత్రం తన అహింసకి మూలం సబ్ర్ అని, మక్కాలో ప్రవక్త ముహమ్మద్ (స) అన్ని బాధలూ ఓర్చుకున్న తీరులోనే అది ఉందని చెప్పేవారు.

1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సభ పెట్టినందుకు జైల్లో వేశారు. ఆయన కాళ్లకి సరిపడే సంకెళ్లు జైల్లో లేవు. చిన్నవే బలవంతంగా తొడిగితే చర్మం చీలి రక్తం కారింది. ఆ తర్వాత జైలు అలవాటైపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బ్రిటిష్ వాళ్లతో చేసిన పోరాటం కాదు, ఇంట్లో చేసింది. ఎందుకంటే పఠాన్లు కూడా తమ గురించి అదే నమ్మేశారు. బదలా తీర్చుకోనివాడు మగాడు కాదన్నది గౌరవంగా చెలామణీ అయ్యేది. అన్నదమ్ముల పిల్లల మధ్య కూడా తరాల పగలు ఉండేవి. ఆయన ఊరూరా నడిచి తిరిగి చెప్పింది ఇదే, దొర రాసిన అబద్ధాన్ని మన రక్తంతో మనమే నిజం చేస్తున్నామని.

1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ పుట్టింది. అంటే దేవుడి సేవకులు. చేరాలంటే కసమ్ తినాలి: పగ తీర్చుకోను, చెయ్యెత్తను, తిట్టినవాణ్ణి క్షమిస్తాను, రోజుకి రెండు గంటలు ఊరి పని చేస్తాను. పఠాన్ ప్రాణం పోయినా కసమ్ తప్పడు. అందుకే వాళ్ల స్వభావాన్ని మార్చమని ఆయన అడగలేదు. అదే పట్టుదలని, అదే మాట నిలబెట్టుకునే గుణాన్ని ఇంకో పనికి పెట్టారు. కవాతు చేసేవాళ్లు, జనరల్, కల్నల్ అని పదవులుండేవి, కానీ చేతిలో కర్ర కూడా ఉండేది కాదు. వీధులు ఊడ్చేవాళ్లు, నూలు వడికేవాళ్లు. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని తోళ్లు పదునుచేసే చోట ఇటుకరంగు వేయించుకున్నారు. వెంటనే ప్రభుత్వం ఎర్రచొక్కాల వాళ్లు, బోల్షివిక్కులు అని కొత్త ముద్ర వేసింది! ఆ చొక్కాల వెనకున్నది బట్టల మురికి సమస్యే.

1930 ఏప్రిల్ 23న ఆయన్ని అరెస్టు చేశారు. పెషావర్ కిస్సా ఖ్వానీ బజార్లో జనం పోగయ్యారు. వాళ్ల మీదికి సాయుధ వాహనాలు తోలారు, కాల్పులు జరిపారు. ముందువాళ్లు పడిపోతుంటే వెనకవాళ్లు వచ్చి నిలబడ్డారు తప్ప తిరగబడలేదు. చావుల విషయంలో సర్కారు లెక్కకీ జనం లెక్కకీ ఎక్కడా పొంతన లేదు. అక్కడున్న గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు హిందువులు, కాబట్టి ముస్లింల మీద తుపాకీ పేల్చడానికి వెనకాడరని అధికారులు లెక్కేసుకున్నారు. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన తోటివాళ్లు పేల్చమన్నారు. నిరాయుధుల్ని చంపనన్నందుకు కోర్టు మార్షల్ చేసి చంద్రసింగ్‌కి యావజ్జీవ శిక్ష వేశారు. ఒకే రోజున రెండు ముద్రలు అబద్ధమయ్యాయి.

1947లో కాంగ్రెస్ విభజనకి ఒప్పుకుంది. తమని అడగకుండానే వదిలేశారన్న బాధ ఆయనకి చివరిదాకా ఉంది. అల్లర్లప్పుడు పెషావర్‌లో హిందువులకీ సిక్కులకీ కాపలా ఉన్నది ఆయన మనుషులే. కొత్త దేశానికి విధేయత ప్రమాణం చేసినా పాకిస్తాన్ ప్రభుత్వాలు నమ్మలేదు. నిన్నటిదాకా పగబట్టే జాతివాడు, ఇప్పుడు హిందువుల మనిషి, ద్రోహి. 1948 ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్డాలో సొంత దేశపు పోలీసులే ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద కాల్పులు జరిపారు. అప్పటికే ఆయన జైల్లో ఉన్నారు. తెల్లదొరల జైళ్లు, పాకిస్తాన్ జైళ్లు కలిపితే పాతికేళ్లు దాటుతుంది.

1969లో గాంధీ శతజయంతికి ఢిల్లీ వచ్చారు. అప్పుడే అహ్మదాబాద్ అల్లర్లు జరిగి ఉన్నాయి. అతిథిగా వచ్చి ఉపవాసం కూర్చున్నారు. మీ గాంధీని మీరే మర్చిపోయారని పార్లమెంటులో నాయకుల ముఖం మీదే చెప్పారు. 1987లో భారతరత్న ఇచ్చారు, ఈ దేశ పౌరుడు కానివారికి అదే మొదటిసారి.

1988 జనవరి 20న పెషావర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్‌లో ఖననం చేశారు. అక్కడ యుద్ధం నడుస్తోంది, జనాజా కోసం కాల్పులు ఆపారు. వేలమంది ఖైబర్ కనుమ దాటి వెళ్లారు. అంత్యక్రియల దగ్గర బాంబులు పేలి కొందరు చనిపోయారు కూడా. ఇక ఆ 1901 చట్టం సంగతి. దాన్ని రాసినవాళ్లు 1947లోనే వెళ్లిపోయారు. పాకిస్తాన్ గిరిజన ప్రాంతాల్లో మాత్రం అది 2018 దాకా, ఆయన పోయాక ఇంకో 30 ఏళ్లు అమల్లో ఉంది.