బాండ్‌ రాసి డాక్టరయ్యాడు.. భౌతికశాస్త్రాన్ని వదల్లేదు!

కోరుకున్న బ్రాంచిలో సీటు రాలేదు. వచ్చిన చోట చేరాక మనసు పెట్టలేకపోతున్నాం. ఇక మన చదువు ఇంతేనా అని డీలా పడుతున్నారా? అయితే హెర్మన్‌ ఫాన్‌ హెల్మ్‌హోల్ట్జ్‌ జీవితం ఓసారి చూడండి.

1821లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి స్కూలు మాస్టారు. కుర్రాడికి భౌతికశాస్త్రమంటే ప్రాణం. కానీ అది చదివించే స్తోమత ఇంట్లో లేదు. వైద్యమైతే ప్రభుత్వమే ఉచితంగా చెబుతుంది. బదులుగా 8 ఏళ్లు సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. 1838లో, 17 ఏళ్ల వయసులో ఆ షరతుకు ఒప్పుకొని బెర్లిన్‌లో చేరాడు. వైద్యం చదువుతూనే గణితం సొంతంగా నేర్చుకున్నాడు.

పోస్టింగ్‌ పోట్స్‌డామ్‌లోనే వచ్చింది. అక్కడి సైనికుల బ్యారక్‌లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1847లో శక్తి నిత్యత్వం మీద వ్యాసం రాస్తే పేరున్న పత్రిక వెనక్కి పంపింది. అతడు ఊరుకోలేదు, చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. అలెగ్జాండర్‌ ఫాన్‌ హంబోల్ట్‌ చొరవతో 1848లో సైన్యం గడువుకు ముందే వదిలిపెట్టింది.

తర్వాతి ఏడాది కోనిగ్స్‌బర్గ్‌ యూనివర్సిటీలో ఉద్యోగం. నరాల్లో సంకేతం వేగాన్ని కొలవడం అసాధ్యమని తన గురువు జొహానెస్‌ ముల్లర్‌ నమ్మేవాడు. శిష్యుడు 1850లో కప్ప నరం మీద కొలిచి చూపించాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు! ఆ మరుసటి ఏడాదే కంటి లోపలి పొరను చూసే ఆఫ్తాల్మోస్కోపు వచ్చింది. డాక్టరు చదువు, ఫిజిక్స్‌ పిచ్చి రెండూ కలిస్తేనే పుట్టే పరికరమది.

1853లో మరో వ్యాసం. శరీరం లాంటి ఘనరూప వాహకంలో కరెంటు ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టాడు. పైన కొలిచిన వోల్టేజీని బట్టి లోపల కరెంటు ఎక్కడ పుట్టిందో కచ్చితంగా చెప్పలేమని, ఒకే కొలతకు లెక్కలేనన్ని జవాబులు ఉండొచ్చని తేల్చాడు. గోడ బయట చెవి పెట్టి, లోపల ఎవరు ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారో చెప్పాల్సి వస్తే ఎంత కష్టమో ఆలోచించండి!

అప్పటికి ఈఈజీ లేదు. మనిషి మెదడు తరంగాలను హాన్స్‌ బెర్గర్‌ తొలిసారి నమోదు చేసింది 1924లో. ఇప్పుడు ఎంఆర్‌ఐ చిత్రంతో తలను కంప్యూటర్‌లో చిన్నచిన్న ముక్కలుగా విడగొడతారు. చర్మం, పుర్రె, ద్రవం, మెదడు.. ఒక్కోదానికి ఒక్కో విద్యుత్‌ వాహకత ఇచ్చి లెక్క నడిపిస్తారు. మూర్ఛ మెదడులో ఎక్కడ మొదలవుతుందో వెతకడానికి ఇది సాయపడుతుంది. అయినా హెల్మ్‌హోల్ట్జ్‌ చెప్పిన చిక్కు పోలేదు. అందుకే అదనపు సమాచారం, సరైన ఊహలు జతచేయాల్సిందే.

1871లో బెర్లిన్‌ యూనివర్సిటీ అతడిని భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పిలిచింది. వైద్యంలో చేరిన 33 ఏళ్లకు! రేడియో తరంగాలను నిరూపించిన హెన్‌రిచ్‌ హెర్ట్జ్‌ అతడి శిష్యుడే. 1894లో కన్నుమూశాడు.

ఇష్టం లేకుండా చదివిన వైద్యమే అతడికి నరాన్ని, కంటిని చూపించింది. ఇష్టపడి నేర్చుకున్న గణితం వాటిని కొలిచింది. మీ డిగ్రీ ఏదైనా కావచ్చు. దాని పక్కన రోజూ ఓ గంట మీరు ఏం నేర్చుకుంటున్నారు?