తప్పు నొక్కితేనే కనిపించే మాటలు

ఫస్టియర్ సి ల్యాబ్‌లో మనందరం ఒక ప్రోగ్రాం రాసే ఉంటాం. 1 నొక్కితే కూడిక, 2 నొక్కితే తీసివేత, ఇంకేం నొక్కినా ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్. ఆ చివరి లైను ఎవరికీ పట్టదు, వైవాలో సారు కావాలని తప్పు నొక్కితే తప్ప. అలాంటి లైన్ల మీదే మనసు పెట్టిన ఒక బడిపంతులు ఉండేవాడు. పేరు క్రిస్టఫర్ స్ట్రేచీ.

1916లో లండన్‌లో పుట్టాడు. నాన్న ఆలివర్ కొన్నాళ్ళు మన దేశంలో ఈస్ట్ ఇండియన్ రైల్వేలో పనిచేసి, తర్వాత శత్రువుల రహస్య సందేశాలు విప్పే పనిలో పడ్డాడు. అమ్మ రే, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన రచయిత్రి. బాబాయి లిట్టన్ స్ట్రేచీ పేరున్న జీవితచరిత్రకారుడు. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికి మార్కులు వాటంతట అవే వస్తాయనుకుంటాం కదా. రాలేదు. కేంబ్రిడ్జ్‌లో మూడో ఏడు మానసికంగా బాగా దెబ్బతిన్నాడు. 1939లో చేతికొచ్చింది లోయర్ సెకండ్ క్లాసు. ఆ డిగ్రీతో రీసెర్చ్ సీటు ఎవరిస్తారు? యుద్ధకాలంలో ఒక కంపెనీలో రేడియో వాల్వుల పని, ఆ తర్వాత స్కూలు టీచరు ఉద్యోగం.

1951 జనవరి సెలవుల్లో ఒక స్నేహితుడి పుణ్యమా అని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి వెళ్ళి, అక్కడి పైలట్ ఏస్ కంప్యూటర్ సంగతులు ఒక రోజంతా కూర్చుని విన్నాడు. తిరిగొచ్చి డ్రాఫ్ట్స్ ఆడే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. గళ్ళ బోర్డు మీద బిళ్ళలతో ఆడే ఆట అది. మన పులి-మేకలో పులి మేక మీద నుంచి దూకినట్టు, అవతలివాడి బిళ్ళను దాటి తీసేయాలి. ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది! స్కూలు పని అయ్యాక కాగితం మీదే కోడింగ్. జులైలో పైలట్ ఏస్ మీద పెట్టి చూస్తే తప్పులతో ఆగిపోయింది.

మాంచెస్టర్‌లో ఇంకా పెద్ద మెమరీ ఉన్న యంత్రం వచ్చిందని విని, కాలేజీ రోజుల నుంచి తెలిసిన అలన్ ట్యూరింగ్‌కు రాశాడు. ట్యూరింగ్ మాన్యువల్ పంపాడు (అర్థం కాని మాన్యువళ్ళలో దానికి పెద్ద పేరు లెండి). స్ట్రేచీ అక్కడికి మొదట తీసుకెళ్ళిన ప్రోగ్రాం వెయ్యికి పైగా ఆదేశాలది. రాత్రంతా యంత్రంతో కుస్తీ పట్టాడు. ఆఖర్న దాని హూటర్ బ్రిటిష్ జాతీయగీతం మోగించింది. తర్వాతి ఏడాదికల్లా నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉద్యోగం. టీచరు పని అక్కడితో సరి.

1952 వేసవికి డ్రాఫ్ట్స్ కూడా ఆడింది. తెర మీద బోర్డు, టెలిప్రింటర్ మీద మాటలు. ఆట మొదట్లో ఎవరు ముందాడాలో తేల్చడానికి యంత్రం ఆటగాణ్ణి నాణెం ఎగరేయమంటుంది. జవాబు చెప్పిన పద్ధతిలోనే కొట్టాలి. తప్పు కొడితే మొదట మర్యాదగా గుర్తుచేస్తుంది. మళ్ళీ తప్పితే విసుగు. ఇంకా తప్పితే కోపం. చివరికి నీతో నాకు టైం వేస్టు, వెళ్ళి మనుషులతో ఆడుకో అన్నట్టు చెప్పి ఆట మానేస్తుంది.

పద్ధతిగా ఆడేవాడు ఎంత గొప్పగా ఆడినా ఈ తిట్లు చూడలేడు. అవి మెమరీలో అలా పడి ఉంటాయి, ఎవడో తడబడితేనే బయటికొస్తాయి. ఒక్కో పదానికీ చోటు లెక్క చూసుకునే రోజుల్లో, తప్పు చేసేవాడి కోసం అంత చోటు కేటాయించాడు! ఆటకు అవసరమా అంటే కాదు. కానీ నాకైతే ఆ ప్రోగ్రాంలో ఎత్తులకన్నా ఇదే ఎక్కువ నచ్చింది. తడబడటమంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు కాబట్టి రాశాడేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే. అదే యంత్రంతో ఆయన ప్రేమలేఖలు కూడా రాయించాడు. చిట్టాలోంచి పదాలు యాదృచ్ఛికంగా ఏరి, కింద మాంచెస్టర్ యూనివర్సిటీ కంప్యూటర్ అని పొడి అక్షరాల్లో సంతకం.

తర్వాతి జీవితం మన సిలబస్‌కు దగ్గరగా ఉంటుంది. 1960ల్లో ఆయన, కేంబ్రిడ్జ్, లండన్ వాళ్ళు కలిసి సీపీఎల్ అనే భాషను రూపొందించారు. దాన్నుంచి బీసీపీఎల్, దాన్నుంచి బి, దాన్నుంచి మన సి. 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగ్ రీసెర్చ్ గ్రూప్ మొదలుపెట్టాడు. డేనా స్కాట్‌తో కలిసి ప్రోగ్రాములకు గణితంలో అర్థం చెప్పే పద్ధతి తయారుచేశాడు. లోయర్ సెకండ్ క్లాసు మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో!

రాసినదాన్ని అచ్చుకివ్వడంలో మాత్రం బద్ధకం, లేదా మొహమాటం. 1967లో కోపెన్‌హాగెన్‌లో చెప్పిన పాఠాల నోట్సు ఏళ్ళ తరబడి చేతులు మారుతూ తిరిగింది. 1975 మే 18న కామెర్ల జబ్బుతో పోయేనాటికి ఆయనకు 58. ఆ నోట్సు పత్రికలో అచ్చయింది 2000లో.

డ్రాఫ్ట్స్ కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో మిగిలాయి. డేవిడ్ లింక్ అనే పరిశోధకుడు వాటిని చదివి, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ మీద ఆ ఆటను మళ్ళీ నడిపించాడు. నాణెం ప్రశ్నకు ఇప్పుడు ఎవరైనా తప్పు జవాబు కొడితే, స్ట్రేచీ యంత్రం మళ్ళీ విసుక్కుంటుంది.