లారెంట్ క్లెర్క్

లారెంట్ క్లెర్క్ (డిసెంబర్ 26, 1785 - జూలై 18, 1869) ఫ్రాన్సు దేశంలో జన్మించి, అమెరికాలో బధిరుల విద్యకు పునాది వేసిన ఉపాధ్యాయుడు. ఇతడు స్వయంగా బధిరుడు. థామస్ హాప్కిన్స్ గాలోడెట్‌తో కలసి 1817లో హార్ట్‌ఫర్డ్ నగరంలో బధిరుల పాఠశాలను స్థాపించాడు. నేటి అమెరికన్ సంజ్ఞా భాషకు ముఖ్యమైన మూలాలలో ఒకటి ఇతడు ఫ్రాన్సు నుండి తీసుకువెళ్ళిన సంజ్ఞా భాషే.

బాల్యము, విద్యాభ్యాసము

క్లెర్క్ ఆగ్నేయ ఫ్రాన్సులోని లా బాల్మ్ గ్రామంలో జన్మించాడు. ఇతని తండ్రి ఆ గ్రామ మేయరు. సుమారు ఒక సంవత్సరం వయసులో క్లెర్క్ కుర్చీ మీద నుండి నిప్పులలో పడ్డాడు. కుడి చెంపపై శాశ్వతంగా మచ్చ ఏర్పడింది. ఇతని వినికిడి ఆ ప్రమాదం వలననే పోయిందని కుటుంబం భావించినా, పుట్టుకతోనే లేదేమో అన్న సందేహం కూడా ఉంది. తరువాతి కాలంలో చెంప మీద రెండు వేళ్ళతో క్రిందికి రాయడమే ఇతని పేరుకు సంజ్ఞ అయింది.

తల్లిదండ్రులు చేయించిన చికిత్సలు ఫలించలేదు. పన్నెండేళ్ళ వయసు వరకు ఇతనికి చదువు గాని, పూర్తి స్థాయి భాష గాని లేవు. 1797లో పినతండ్రి ఇతనిని పారిస్‌లోని బధిరుల విద్యాసంస్థలో చేర్పించాడు. ఆ సంస్థకు అధిపతి సికార్. క్లెర్క్ గురువైన జాన్ మాస్యూ కూడా బధిరుడే. అక్కడ మాట్లాడడం నేర్పే ప్రయత్నంలో ఒక అధ్యాపకుడు గడ్డంపై కొట్టడంతో క్లెర్క్ నాలుక కరచుకున్నాడు. అప్పటి నుండి ఇతడు నోటి మాటను విడిచిపెట్టి సంజ్ఞలనూ, వ్రాతనూ ఆశ్రయించాడు. 1806లో అదే సంస్థలో ఉపాధ్యాయుడయ్యాడు.

అమెరికా ప్రయాణము

హార్ట్‌ఫర్డ్‌లో మేసన్ కాగ్స్‌వెల్ అనే వైద్యుని కుమార్తె ఆలిస్ చిన్నతనంలో జబ్బు చేసి వినికిడి కోల్పోయింది. ఆమె వంటి పిల్లలకు అమెరికాలో శాశ్వత పాఠశాల లేదు. బోధనా పద్ధతులు తెలుసుకొనుటకు గాలోడెట్‌ను 1815లో ఐరోపాకు పంపారు. బ్రిటన్‌లోని బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ పద్ధతిని రహస్యంగా ఉంచడంతో ఆయన సికార్ బృందాన్ని ఆశ్రయించాడు. మరుసటి సంవత్సరం క్లెర్క్ ఆయనతో అమెరికాకు బయలుదేరాడు. 1816 జూన్ 18న మొదలైన ఓడ ప్రయాణం 52 రోజులు సాగింది. ఆ కాలంలో క్లెర్క్ ఇంగ్లీషు నేర్చుకుని, గాలోడెట్‌కు సంజ్ఞలు నేర్పాడు.

పాఠశాల స్థాపన

ఇద్దరూ పలు నగరాలు తిరిగి విరాళాలు సేకరించారు. క్లెర్క్ వ్రాసిన ప్రసంగాలను గాలోడెట్ సభలలో చదివేవాడు. బధిరులకు బుద్ధి తక్కువనే అపోహకు క్లెర్క్ వ్రాతపూర్వక సమాధానాలే జవాబుగా నిలిచాయి. 1817 ఏప్రిల్ 15న ఏడుగురు విద్యార్థులతో పాఠశాల ప్రారంభమైంది. తొలి విద్యార్థులలో ఆలిస్ ఒకరు. 1818లో క్లెర్క్ వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు జేమ్స్ మన్రోను కలిశాడు. 1819లో అమెరికా కాంగ్రెసు పాఠశాలకు సుమారు 23,000 ఎకరాల భూమిని మంజూరు చేసింది.

అదే సంవత్సరం ఇతడు తన పూర్వ విద్యార్థిని ఎలైజా బోర్డ్‌మన్‌ను వివాహమాడాడు. వారికి ఆరుగురు సంతానం. నాలుగు దశాబ్దాలకు పైగా బోధించి 1858లో పదవీ విరమణ చేశాడు. 1869లో హార్ట్‌ఫర్డ్‌లో మరణించాడు.

ప్రభావము

క్లెర్క్ సంజ్ఞలు, విద్యార్థులు ఇళ్ళ నుండి తెచ్చిన సంజ్ఞలు, మార్తాస్ విన్‌యార్డ్ దీవిలోని సంజ్ఞలు కలసి అమెరికన్ సంజ్ఞా భాషగా రూపొందాయి. ఇతని శిష్యులు అనేకులు ఇతర రాష్ట్రాల పాఠశాలలలో ఉపాధ్యాయులయ్యారు.

అయితే 1880లో మిలాన్‌లో జరిగిన బధిరోపాధ్యాయుల మహాసభ నోటి మాట ద్వారానే బోధించాలని తీర్మానించింది. దాని ఫలితంగా చాలా దేశాల పాఠశాలలలో సంజ్ఞలను నిషేధించారు. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉన్నదని 1960లో విలియం స్టోకీ నిరూపించాడు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు మొదలైనవి బధిరులకు తెలిసే రీతిలో సమాచారం అందించాలని నిర్దేశించింది. మిలాన్ తీర్మానాలను 2010లో వాంకూవర్ మహాసభ తిరస్కరించింది.

1864లో బధిరుల కొరకు వాషింగ్టన్‌లో ఏర్పడిన కళాశాల ప్రారంభోత్సవంలో వృద్ధుడైన క్లెర్క్ పాల్గొన్నాడు. తరువాత గాలోడెట్ విశ్వవిద్యాలయంగా మారిన ఆ సంస్థకు 1988 వరకు బధిరుడైన అధ్యక్షుడు లేడు. ఆ సంవత్సరం విద్యార్థుల ఆందోళన ఫలితంగా ఐ. కింగ్ జోర్డాన్ ఆ పదవి చేపట్టిన తొలి బధిరుడయ్యాడు.