డారతీ కేరీ అమ్మగారి జీవితం



విలియం కేరీగారి పేరు తెలియని బాప్టిస్టు కుటుంబం మనలో లేదు. చెప్పులు కుట్టే మనిషి మిషనరీ అయిన సంగతి ఆదివార బడి పిల్లలైనా చెప్పగలరు. 1812లో మన తెలుగు సువార్తలు అచ్చయింది కూడా సేరంపూరులో వారు నెలకొల్పిన అచ్చుకూటంలోనే. అయితే ఆయన మొదటి భార్య డారతీ అమ్మగారి దగ్గరకు వచ్చేసరికి మన ప్రసంగాలు ఒక్క మాటతో దాటిపోతాయి. భర్త సేవకు అడ్డుపడిందని, విశ్వాసం చాలలేదని అన్నవారూ ఉన్నారు. అది న్యాయం కాదని మేము తలుస్తున్నాము.

ఆమె 1756లో ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైరులో, పిడింగ్టన్ ప్రాంతపు ప్లాకెట్ కుటుంబంలో జన్మించారు. చదువు లేదు. 1781 జూన్ 10న వివాహపు రిజిస్టరులో సంతకానికి బదులు గీతలు గీశారు. అప్పుడు ఆమెకు ఇరవై ఐదేళ్లు, వరునికి ఇంకా ఇరవై నిండలేదు. కాపురం పేదరికంలోనే సాగింది. ఇద్దరు ఆడపిల్లలు పసితనంలోనే పోయారు.

1793లో భర్త ఇండియాకు ప్రయాణమైనప్పుడు ఆమె నిండు గర్భిణి. రానన్నారు. ఏ తల్లి వస్తానంటుంది? కేరీగారు పెద్దకొడుకు ఫీలిక్సును మాత్రం తీసుకొని బయలుదేరారు. ఓడ చిక్కులవల్ల ప్రయాణం ఆగి, ఆయన మళ్లీ ఇంటికి వచ్చేనాటికి ఒళ్లో కొన్ని వారాల పసికందు. తోటి మిషనరీ థామస్‌గారు, రాకపోతే కుటుంబం శాశ్వతంగా చెదిరిపోతుందని, బ్రతికినంతకాలం పశ్చాత్తాపపడవలసి వస్తుందని ఆమెను భయపెట్టారు. చివరికి చెల్లెలు కిటీ తోడు వస్తేనే వస్తానన్నారు. ఒక్క రోజులో సామాను సర్దుకొని బయలుదేరారు.

జూన్ 13న ఎక్కిన ఓడ నవంబరులో కలకత్తా చేరింది. చేతిలో డబ్బు త్వరలోనే అయిపోయింది. కొన్ని నెలల్లోనే ఇల్లు వెంట ఇల్లు మారి సుందర్బన్స్ అడవి పక్కకు చేరారు. తల్లికీ, పెద్దకొడుక్కూ రక్తవిరేచనాలు. చెల్లెలు పెళ్లి చేసుకొని అక్కడే ఉండిపోయింది. పరాయి చోట కాపురం పెట్టడమంటే ఏమిటో బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో స్థిరపడిన మన పెద్దలకు చెప్పనక్కరలేదు. వారికైనా పక్కన తమ భాష మాట్లాడేవారు నలుగురు ఉండేవారు.

1794లో మాల్దా ప్రాంతంలోని ముద్నాబతి నీలిమందు ఫ్యాక్టరీలో భర్తకు ఉద్యోగం దొరికింది. ఆ అక్టోబరులోనే అయిదేళ్ల పీటర్ మరణించాడు. కులం పోతుందన్న భయంతో ఎవరూ ముందుకు రాక, గొయ్యి తవ్వేవారు, మోసేవారు దొరకడమే కష్టమయింది. ఆ తర్వాత ఆమె మనస్సు మరి కోలుకోలేదు.

1795 నుండి, భర్త పరస్త్రీలతో తిరుగుతున్నాడన్న నమ్మకం ఆమెను పట్టుకున్నది. వెంటపడి నలుగురిలో నిందించేవారు. ఇది మామూలు అసూయ కాదు. ఎన్ని రుజువులు చూపినా కదలని భ్రాంతి ఇది. ఇటువంటి జబ్బులో మిగతా విషయాలలో మాట సవ్యంగానే ఉండవచ్చు. అందుకే ఇంటివాళ్లకు రోగమని తోచదు, గుణం చెడిందనుకుంటారు. జేమ్స్ బెక్ అనే మనస్తత్వ శాస్త్ర ఉపాధ్యాయుడు 1992లో ఆమె జీవితాన్ని పుస్తకంగా వ్రాసి, అది భ్రాంతి రోగమేనని అంచనా కట్టాడు. దుఃఖమొక్కటే కారణమని చెప్పలేము. పుట్టుకతో వచ్చిన బలహీనత కూడా ఉండవచ్చు. కాని బిడ్డల చావు, జబ్బు, ఒంటరితనం కొద్ది కాలంలో మీద పడితే గట్టి మనస్సయినా వంగుతుంది.

1800 జనవరిలో కుటుంబం సేరంపూరు చేరింది. ఆ డిసెంబరు 28న వడ్రంగి కృష్ణపాల్‌కు హుగ్లీ నదిలో బాప్తిస్మమిచ్చారు. అదే దినాన ఫీలిక్సు కూడా తండ్రి చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఆ గొప్ప దినాన్ని గూర్చి మనం ఎన్నోసార్లు విన్నాము. అప్పుడు తల్లి ఒక గదిలో నిర్బంధంలో ఉన్నారని, మతి చలించిన థామస్‌గారు మరొక గదిలో ఉన్నారని, వారి కేకలు వినబడకుండా కీర్తనలు పాడారని మాత్రం ఎవరూ చెప్పరు. పక్కగదిలో ఆమె ఆందోళన చెలరేగుతుండగానే కేరీగారు తర్జుమా పని సాగించేవారు. ఆయన ఓర్పును మేము తగ్గించడం లేదు. కాని రోగం అనుభవించినది ఆమె.

అప్పుడు ఈ జబ్బుకు మందు లేదు. పనిచేసే మందులు 1952 తర్వాతనే వచ్చాయి. నేడు బెంగుళూరులో నిమ్హాన్స్ ఉన్నది. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. అయినా దయ్యం పట్టిందని మనిషిని గదిలో పెట్టి గడియవేసే ఇళ్లు మన మధ్య లేవని చెప్పలేము. ప్రార్థన మానవద్దు, వైద్యమూ ఆపవద్దు.

డారతీ అమ్మగారు 1807 డిసెంబరు 8న జ్వరంతో మరణించారు. అప్పటికి పన్నెండేళ్లు ఆ చీకటిలోనే గడిచాయి. కేరీగారి సమాధి చూడడానికి మన సంఘాలనుండి సేరంపూరు వెళ్లేవారు ఉన్నారు. ఈ తల్లిని పాతిపెట్టింది కూడా ఆ ఊరి మిషను శ్మశానంలోనే.