జీతం వదిలి జెండా పట్టిన మఖ్దూం

సెంటినరీ కాలనీలో మస్జిద్ కమిటీకో, యూనియన్ పనికో మనిషి కావాలని అడిగితే చాలామంది షిఫ్టుల మీదికి నెట్టేస్తారు. తప్పేం కాదు, నైట్ షిఫ్ట్ దిగొచ్చినోడికి నిద్ర కావాలి. కానీ అప్పుడల్లా నాకు మఖ్దూం మొహియుద్దీన్ సాబ్ గుర్తొస్తారు.

1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. చిన్నతనంలోనే అబ్బాజాన్ పోతే చాచా పెంచారు. మస్జిద్ ఊడ్చి, నీళ్లు మోసిన పిల్లగాడు ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, హైదరాబాద్ సిటీ కాలేజీలో లెక్చరర్ అయ్యారు. ఒకవైపు పాఠాలు, ఇంకోవైపు కార్మికుల సంఘాలు, మిగిలిన కాస్త టైంలో షాయరీ. మూడూ కలిసి ఎంతకాలం నడుస్తాయి? నడవలేదు. భార్యాపిల్లలున్న మనిషి, నెలనెలా వచ్చే జీతాన్నే వదిలేశారు. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. తర్వాత అజ్ఞాతం, జైలు. 1952లో హుజూర్‌నగర్ ఎమ్మెల్యే.

నేను కామర్స్ చదివినవాణ్ని, ఖర్చు కాలమ్ కూడా చూస్తా. మొదటి కవితల పుస్తకం సుర్ఖ్ సవేరా 1944లో వచ్చింది. రెండోది, గుల్-ఎ-తర్, 1961లో. మధ్యలో 17 ఏళ్లు! అంత పెద్ద షాయర్‌కు రాయడం రాక కాదు కదా. సంఘానికిచ్చిన టైం అక్కడినుంచే కోసి ఇచ్చారని నా లెక్క.

మూడో పుస్తకం బిసాత్-ఎ-రక్స్‌కు 1969లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు.